హోఖ్‌షూలె సీటు వదులుకోవాలా? ప్రొద్దుటూరు తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోని ఒక అటానమస్ కాలేజీలో మెకానికల్ బీటెక్ చేసింది. సీజీపీఏ 7.4. జర్మనీలో ఎంఎస్‌కు అప్లై చేస్తే ఒక పెద్ద టెక్నికల్ యూనివర్సిటీ కుదరదని రాసింది. ఒక చిన్న ఊళ్లో ఉన్న ప్రభుత్వ 'హోఖ్‌షూలె'లో మెకట్రానిక్స్ సీటు వచ్చింది. ఏడాదిన్నర కోర్సు, ట్యూషన్ ఫీజు లేదట. మా తోడల్లుడి కొడుకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు. అది మన పాలిటెక్నిక్ లాంటిది, అక్కడ చదివితే పీహెచ్‌డీ చేయడానికి ఉండదు అంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లేమో బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ చూపించి, 13 లక్షల ఫీజు, రెండు వారాల్లో అడ్మిషన్, పేరులోనే యూనివర్సిటీ ఉంది కదా అంటున్నారు. అడ్వాన్సుగా 50 వేలు కట్టాం. పొలం మీద, బ్యాంకులోనూ అప్పు తీసుకోవాలి. తిరిగొస్తే ఇక్కడ ఆ డిగ్రీ చెల్లుతుందా? మా చిన్నవాడు ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు, వాడికీ జర్మనీలో ఏదో ట్రైనింగ్ ఉందంటున్నారు. అదేమిటో కూడా చెప్పగలరు.

సమాధానం: నమస్కారమండి. మీకు కావలసిన మాట ముందే చెప్పేస్తాను. మీరు రాసిన వివరాలు అన్నీ సరిగా ఉంటే ఆ చిన్న ఊరి సీటే తీసుకోమంటాను. బెర్లిన్ ప్రైవేటు సీటు కోసం పొలం మీద అప్పు చేయవద్దు. ఎందుకో వివరంగా రాస్తాను. రేపు మీ తోడల్లుడి కొడుక్కి జవాబు చెప్పాల్సింది మీరే కాబట్టి, నా మాట మీద నమ్మకంతో కాకుండా అక్కడి ఏర్పాటు తెలుసుకుని చెప్పడం మంచిది.

మన బుర్రలో కాలేజీలన్నీ ఒక నిచ్చెన మీద ఉంటాయి. పైన ఐఐటీ, కింద ఎన్‌ఐటీ, ఆ కింద యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీ, దాని కింద అఫిలియేటెడ్ కాలేజీలు, అన్నిటికన్నా కింద పాలిటెక్నిక్. 1972లో మొదలైన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడిపోయినా పద్ధతి మారలేదు. చదువు చెప్పేది ఒక కాలేజీ, పట్టా ఇచ్చేది పైనున్న యూనివర్సిటీ. ఎంట్రన్సు ర్యాంకు ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో తేలుస్తుంది. ఈ లెక్క జర్మనీకి తీసుకెళ్తే అక్కడ ప్రతిదీ తప్పుగా కనిపిస్తుంది. అక్కడ అఫిలియేషన్ అనేదే లేదు. ఏ సంస్థ చదువు చెబితే ఆ సంస్థే పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. వైద్యం లాంటి కొన్ని కోర్సులకు దేశమంతటికీ ఒకే చోట సీట్ల పంపకం ఉంది గానీ, ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు మన కౌన్సెలింగ్ లాంటిది ఏదీ ఉండదు. అందుకే అక్కడ 'ఏ మెట్టు' అని అడిగితే సరైన జవాబు రాదు. 'ఏ రకం సంస్థ, ఎవరి గుర్తింపు ఉంది, కోర్సులో ఏముంది' అని అడగాలి.

జర్మనీలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంది. 16 రాష్ట్రాలు, ఎవరి ఉన్నత విద్యా చట్టం వారిది. యూనివర్సిటీలకు జీతాల డబ్బు, భవనాల డబ్బు చాలావరకు రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. పరిశోధన నిధులు, విద్యార్థుల సాయం లాంటి వాటిలో కేంద్రం చెయ్యి వేస్తుంది. మరి పదహారు మంది పదహారు దారుల్లో పోకుండా ఎలా? అందుకు రాష్ట్రాల విద్యామంత్రుల స్థాయీ సమావేశం ఒకటి ఉంది. జర్మన్లు దాన్ని కేఎంకే అని పిలుస్తారు. అది 1948లో మొదలైంది, అంటే 1949లో వచ్చిన నేటి జర్మన్ రాజ్యాంగం కన్నా ఒక ఏడాది ముందే. ఒక రాష్ట్రం ఇచ్చిన పట్టా ఇంకో రాష్ట్రంలో చెల్లడం, విదేశీ పట్టాలను ఎలా కొలవాలి అన్నది, ఇలాంటివన్నీ ఆ బల్ల దగ్గర ఒప్పందాలుగా తయారై రాష్ట్ర చట్టాల్లోకి వెళ్తాయి. మీ అమ్మాయి ఫలానా రాష్ట్రంలో చదివితే మరో రాష్ట్రంలో ఉద్యోగానికి ఇబ్బంది ఉంటుందా అన్న భయం అక్కర్లేదు.

ఇక మీ తోడల్లుడి కొడుకు మాట. దేశం మొత్తం మీద 400కు పైగా ఉన్నత విద్యా సంస్థలున్నాయి. ముఖ్యంగా మూడు రకాలు. 1386లో పుట్టిన హైడెల్‌బెర్గ్ లాంటి పాతవి, టెక్నికల్ యూనివర్సిటీలు కలిపి యూనివర్సిటీలు ఒక రకం. సంగీతం, చిత్రకళ నేర్పేవి ఒక రకం. మూడోది ఒకప్పుడు ఫాఖ్‌హోఖ్‌షూలె అని, ఇప్పుడు అనువర్తిత శాస్త్రాల హోఖ్‌షూలె అని పిలిచే రకం. మీ అమ్మాయికి సీటు వచ్చింది ఈ మూడో రకంలో. 1960ల్లో జర్మన్ పరిశ్రమలకు ఇంజనీర్లు చాలక, పాత ఇంజనీరింగ్ స్కూళ్ల విద్యార్థులు తమ చదువుకు సరైన హోదా కావాలని వీధుల్లోకి వచ్చాక, 1968లో రాష్ట్రాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. ఆ స్కూళ్లను ఉన్నత విద్యలోకి ఎక్కించి కొత్త సంస్థలుగా నిలబెట్టాయి. వాటి మూలం పాలిటెక్నిక్‌లాంటి స్కూలే, అది నిజం. అయితే ఇప్పటికి అర్ధ శతాబ్దం దాటింది. మీ వాడు చెబుతున్నది ఆ పాత రోజుల మాట.

ఆ పాత రోజుల్లో తేడా నిజంగానే ఉండేది. పట్టా పక్కన బ్రాకెట్లో ఎఫ్‌హెచ్, అంటే ఫాఖ్‌హోఖ్‌షూలె, అని రాసేవారు, ఉన్నత శ్రేణి ప్రభుత్వ ఉద్యోగాల తలుపు ఆ పట్టాకు తెరుచుకునేది కాదు. 1999లో ఐరోపా విద్యామంత్రులు ఇటలీలోని బొలోన్యాలో సంతకాలు చేశాక జర్మనీ తన పాత డిప్లోమ్ పట్టాను దాదాపు అన్ని సబ్జెక్టుల్లో పక్కనపెట్టి బ్యాచిలర్, మాస్టర్ అనే రెండంచెలకు మారింది. వైద్యం, న్యాయం, ఫార్మసీ లాంటివి మాత్రం ఇప్పటికీ రాష్ట్ర పరీక్షతోనే ముగుస్తాయి. ఇప్పుడు యూనివర్సిటీ ఇచ్చే మాస్టర్, హోఖ్‌షూలె ఇచ్చే మాస్టర్ చట్టం ముందు సమానం. హోఖ్‌షూలె మాస్టర్ ఉన్నవారు యూనివర్సిటీలో డాక్టరేట్‌కు చేరవచ్చు. కావలసింది మంచి మార్కులు, తీసుకోవడానికి ఒప్పుకునే ప్రొఫెసరు. డాక్టరేట్ ఇచ్చే అధికారం ఎక్కువగా యూనివర్సిటీల దగ్గరే ఉంది, అదీ కదులుతోంది. 2016లో హెస్సెన్ రాష్ట్రం ఫుల్డా హోఖ్‌షూలెకు, దాని బలమైన పరిశోధన రంగంలో, సొంతంగా డాక్టరేట్ ఇచ్చే హక్కు ఇచ్చింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నది కూడా హెస్సెన్‌లోనే, మీ వాడికి ఆ సంగతి చెప్పండి.

ఆచరణలో తేడాలు ఉన్నాయి, అవి దాచిపెట్టను. యూనివర్సిటీ ప్రొఫెసరు వారానికి ఎనిమిది తొమ్మిది గంటలు పాఠం చెబుతాడు, మిగతాది పరిశోధన. హోఖ్‌షూలె ప్రొఫెసరు సుమారు 18 గంటలు చెబుతాడు. అక్కడ ప్రొఫెసరు కావాలంటే డాక్టరేట్‌తో పాటు కనీసం ఐదేళ్ల వృత్తి అనుభవం, అందులో మూడేళ్లు కాలేజీ బయట, ఉండాలని నియమం. అంటే మీ అమ్మాయికి మెకట్రానిక్స్ చెప్పే మనిషి కొన్నేళ్లపాటు ఏదో కంపెనీలో మెషిన్ల మధ్య పని చేసి వచ్చినవాడై ఉంటాడు. తరగతులు చిన్నవి. చుట్టుపక్కల కంపెనీలతో సంబంధాలు ఉంటాయి, మాస్టర్స్ థీసిస్ చాలామంది కంపెనీలోనే చేస్తారు. జర్మనీలో మంచి యంత్ర పరిశ్రమలు చాలావరకు పెద్ద నగరాల్లో కాకుండా చిన్న ఊళ్ల చుట్టూ ఉంటాయి కాబట్టి మీరు లోటు అనుకుంటున్న ఆ చిన్న ఊరే ఇక్కడ కలిసొచ్చే విషయం. అద్దెలు కూడా తక్కువ. అదే ఆమెకు సిద్ధాంత పరిశోధన మీద ప్రాణం ఉండి, పీహెచ్‌డీయే లక్ష్యం అయితే యూనివర్సిటీ కోసం ఇంకో ఏడాది ఆగమనేదాన్ని. ఆమెనే అడగండి. మీ ఉత్తరంలో ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు, అదొక్కటే నాకు వెలితిగా అనిపించింది.

ఏడాదిన్నర కోర్సు సగం కోర్సు అని మీకు అనుమానం వచ్చినట్టుంది. అక్కడ చదువును ఏళ్లతో కాకుండా ఈసీటీఎస్ అనే క్రెడిట్లతో కొలుస్తారు. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. క్లాసులో కూర్చున్నది, ఇంట్లో చదివింది, పరీక్షకు తయారైంది, అన్నీ కలిపి. సెమిస్టరుకు 30, ఏడాదికి 60. మాస్టర్ పట్టా చేతికి వచ్చేసరికి బ్యాచిలర్‌తో కలిపి మొత్తం 300 ఉండాలన్నది వాళ్ల సాధారణ లెక్క. మూడేళ్ల బ్యాచిలర్‌కు 180 వస్తాయి, వాళ్లకు రెండేళ్ల మాస్టర్ కావాలి. హోఖ్‌షూలెల్లో బ్యాచిలర్ చాలాచోట్ల కంపెనీ శిక్షణ సెమిస్టరుతో కలిపి మూడున్నరేళ్లు, 210 క్రెడిట్లు. దాని మీద 90 క్రెడిట్ల మాస్టర్, అంటే మూడు సెమిస్టర్లు. మీ అమ్మాయిది నాలుగేళ్ల బీటెక్, అక్కడి కొలతలో నాలుగేళ్లంటే 240. అందుకే మూడు సెమిస్టర్ల కోర్సుకు ఆమె సరిపోయింది. చేతికి వచ్చేది పూర్తి మాస్టర్ పట్టాయే.

పెద్ద టెక్నికల్ యూనివర్సిటీ కుదరదన్నదానికి కారణం కూడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. సీజీపీఏ చాలక అనుకుంటారు మనవాళ్లు. వాళ్లు ముందు చూసేది సబ్జెక్టుల వారీగా క్రెడిట్లు. మ్యాథ్స్‌లో ఇన్ని, మెకానిక్స్‌లో ఇన్ని, కంట్రోల్ సిస్టమ్స్‌లో ఇన్ని ఉండాలని ప్రతి కోర్సు నియమావళిలో రాసి ఉంటుంది. మన బీటెక్ 160 క్రెడిట్ల చుట్టూ ఉంటుంది, వాళ్ల నాలుగేళ్లు 240. కాబట్టి మన ఒక క్రెడిట్ సుమారు ఒకటిన్నర వాళ్ల క్రెడిట్లు అని మోటుగా అనుకోవచ్చు గానీ, ప్రతి సంస్థ తన పద్ధతిలో లెక్క వేసుకుంటుంది. వాళ్లకు ఆధారం కాలేజీ ఇచ్చే సిలబస్ పుస్తకం. ఏ సబ్జెక్టులో ఏం చెప్పారు, ఎన్ని గంటలు, ల్యాబ్ ఎంత, ఇవన్నీ యూనిట్ల వారీగా ఉన్న సిలబస్‌ను కాలేజీ స్టాంపుతో జతచేస్తే తూకం మారుతుంది. మార్కుల మెమోలు మాత్రమే పంపినవారికి 'మెషిన్ లెర్నింగ్' అని రాసి ఉన్న సబ్జెక్టులో గణితం ఎంతుందో వాళ్లకు తెలిసే దారి ఉండదు. రాబోయే ఏడాది ఇదే ఇంటి నుంచి ఇంకెవరైనా అప్లై చేస్తే ఈ ఒక్క పనీ ముందు చేయించండి.

మార్కుల మార్పిడి గురించి కూడా చెప్పాలి, దీనిలో మన పిల్లలు అనవసరంగా నష్టపోతున్నారు. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్. మన సీజీపీఏను బవేరియా సూత్రం అనే లెక్కతో మారుస్తారు. గరిష్ఠం నుంచి మన మార్కు తీసేసి, వచ్చినదాన్ని గరిష్ఠానికీ కనీస పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలుపుతారు. మీ అమ్మాయి 7.4ను చూడండి. కనీస పాస్ పాయింటు 4 అని తీసుకుంటే 2.3 వస్తుంది. 5 అని తీసుకుంటే 2.56 వస్తుంది. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. ఒకే మార్కు ఒక లెక్కలో గీతకు ఇవతల, ఇంకో లెక్కలో అవతల. అందుకని పాస్‌కు కనీస పాయింటు ఎంతో చూపించే గ్రేడింగ్ నియమాల కాగితం యూనివర్సిటీ నుంచి తీసుకుని జతచేయాలి. అది లేనప్పుడు వాళ్లు తమ దగ్గరున్న సమాచారంతో లెక్క వేసేస్తారు.

బెర్లిన్ ప్రైవేటు సీటు సంగతి. జర్మనీలో ప్రైవేటు సంస్థలన్నీ బూటకం అనడం అన్యాయం. వందకు పైగా ఉన్నాయి, వాటిలో చక్కగా చదువు చెప్పేవీ ఉన్నాయి. చూడాల్సింది మూడు విషయాలు, అవి ఒకదాని మీద ఒకటి ఉన్న మూడు జల్లెడలు. మొదటిది రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు. యూనివర్సిటీ, హోఖ్‌షూలె అన్న పేర్లు రాష్ట్ర చట్టం రక్షణలో ఉంటాయి, గుర్తింపు లేనివాళ్లు పెట్టుకోకూడదు. అకాడమీ, ఇన్‌స్టిట్యూట్, బిజినెస్ స్కూల్ లాంటి పేర్లకు అంత కట్టుదిట్టం లేదు. రెండోది, 1957 నుంచి ప్రభుత్వాలకు సలహా ఇస్తున్న శాస్త్ర మండలి అనే సంస్థ ప్రైవేటు సంస్థల్ని మొత్తంగా పరిశీలించి ఇచ్చే అక్రెడిటేషన్. మూడోది కోర్సుకు ఉండే అక్రెడిటేషన్. బాన్ నగరంలోని అక్రెడిటేషన్ మండలి 2018 నుంచి రాష్ట్రాల ఉమ్మడి ఒప్పందం ప్రకారం దీన్ని చూస్తోంది, ఒకసారి ఇస్తే ఎనిమిదేళ్లు. సంస్థకు గుర్తింపు ఉన్నా మీకు చూపిస్తున్న ఆ కోర్సుకు ఉందో లేదో విడిగా చూడాలి.

మరో చిక్కు ఉంది. బెర్లిన్‌లో క్లాసులు జరుగుతాయి గానీ పట్టా ఇచ్చేది వేరే దేశపు యూనివర్సిటీ, ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. అలాంటప్పుడు అది జర్మన్ పట్టా కాదు. జర్మనీలో చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల గడువు ప్రభుత్వ సంస్థలో గానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ చదివినవారికి. ఇంకా, విద్యార్థి వీసా ఎదురుగా కూర్చుని చదివే పూర్తికాల చదువుకు ఇస్తారు. సగం ఆన్‌లైన్‌లో నడిచే కోర్సు తీసుకుంటే అక్కడి విదేశీయుల కార్యాలయం నివాస పర్మిట్ పొడిగించకుండా ఆపేయవచ్చు. కన్సల్టెన్సీని ఈ మూడు ప్రశ్నలు కాగితం మీద అడగండి: పట్టా మీద ఎవరి పేరు ఉంటుంది, ఏ రాష్ట్రం గుర్తించింది, ఎన్ని గంటలు క్యాంపస్‌లో. జవాబులు వచ్చాక జర్మన్ రెక్టర్ల సమావేశం నడిపే హోఖ్‌షూల్‌కొంపాస్ అనే వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు, కోర్సు పేరు మీరే చూడండి. మీ ఊళ్లో నెట్ సెంటరులో పది నిమిషాల పని. కన్సల్టెన్సీలకు సాధారణంగా కమీషన్ వచ్చేది ప్రైవేటు సంస్థల నుంచే, ప్రభుత్వ హోఖ్‌షూలె నుంచి వాళ్లకు రూపాయి రాదు. మీకు ఏది ముందు చూపించారో అర్థం చేసుకోవడానికి ఈ సంగతి చాలు.

డబ్బు గురించి. 2014 నాటికి జర్మనీలోని రాష్ట్రాలన్నీ ప్రభుత్వ సంస్థల్లో సాధారణ ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి. తర్వాత మినహాయింపులు వచ్చాయి. బాడెన్‌వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 శీతాకాలం నుంచి ఐరోపా యూనియన్ బయటివారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. ప్రభుత్వ సంస్థల్లోనే ఉద్యోగులకోసం నడిపే మాస్టర్స్ కోర్సులకు ఫీజు ఉంటుంది, వాటికి కనీసం ఒక ఏడాది ఉద్యోగ అనుభవం కావాలి. మీ అమ్మాయి సీటు లేఖ ఏ రాష్ట్రానిదో చూసి ఫీజు లేదన్న మాట నిర్ధారించుకోండి. ఎక్కడైనా సెమిస్టరు చందా అని ఒకటి ఉంటుంది, వంద నుంచి నాలుగు వందల యూరోల లోపు. హాస్టలు, క్యాంటీన్ నడిపే విద్యార్థి సేవా సంస్థకు, చాలాచోట్ల బస్సు రైలు పాసుకు అది పోతుంది. అసలు బరువు బ్లాక్డ్ అకౌంటుది, అంటే అక్కడి ఖర్చులకని ముందే జమ చేసి వీసాకు చూపాల్సిన ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, మన డబ్బుల్లో పన్నెండు లక్షలకు అటూ ఇటూ. అది ఫీజు కాదు, మీ అమ్మాయి డబ్బే. అక్కడ దిగాక నెలకు 992 చొప్పున ఆమెకే వస్తుంది. ప్రైవేటు సీటు తీసుకుంటే మీ 13 లక్షలు దీని పైన. రెండూ కలిపి మీరు చేయబోయే అప్పు ఎంతవుతుందో ఇంట్లో అందరూ కూర్చుని కాగితం మీద వేసుకోండి.

ఏపీఎస్ సర్టిఫికెట్ మీకు ఇప్పటికే ఉండి ఉంటుంది. 2022 నవంబరు 1 నుంచి మన దేశపు విద్యార్థులకు అది తప్పనిసరి. ఢిల్లీలోని ఏపీఎస్ అనే విభాగం మన మార్కుల మెమోలు అసలువేనా, చదువు అక్కడి ఉన్నత విద్యకు అర్హతేనా అని చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. దొంగ సర్టిఫికెట్ల బెడద ఎక్కువై వచ్చిన ఏర్పాటు ఇది, నిజాయితీగా చదివిన పిల్లలు దాని వల్ల నెలలు ఎదురుచూడాల్సి వస్తోంది, ఆ బాధ నాకు తెలుసు. విదేశీ సంస్థల జాబితా అనాబిన్ అని కేఎంకే నడుపుతుంది, అందులో సంస్థ పక్కన హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. అటానమస్ కాలేజీ పిల్లలు తమ కాలేజీ పేరు కనబడలేదని కంగారు పడతారు. పట్టా ఇచ్చేది జేఎన్‌టీయూ కాబట్టి చూడాల్సింది ఆ పేరు.

తిరిగొస్తే చెల్లుతుందా అన్నారు. ప్రైవేటు కంపెనీలకు ఎలాగూ ఇబ్బంది లేదు. ప్రభుత్వ ఉద్యోగానికో, ఇక్కడ పీహెచ్‌డీకో సమానత్వ ధ్రువపత్రం అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి కొత్త నియమావళి తెచ్చింది. పట్టా ఇచ్చిన సంస్థకు సొంత దేశంలో గుర్తింపు ఉండాలి, చేరడానికి అడిగిన అర్హత మన దగ్గరి దానికి దగ్గరగా ఉండాలి, ఫ్రాంచైజీ పద్ధతిలో తెచ్చుకున్న పట్టాలకు సమానత్వం ఇవ్వరు. పైన చెప్పిన 'పట్టా ఎవరిది' అన్న ప్రశ్న ఇక్కడ కూడా అడ్డం వస్తుంది చూశారా. ప్రభుత్వ హోఖ్‌షూలెలో చదివితే ఈ తలనొప్పి ఉండదు.

మీ చిన్నవాడి విషయం వేరే దారి, తక్కువ దారి కాదు. జర్మనీలో 2013 నుంచి ఎనిమిది మెట్ల అర్హతల చట్రం ఉంది. చదువు, వృత్తి శిక్షణ రెండూ అందులో ఒకే వరుసలో ఉంటాయి. మూడు, మూడున్నరేళ్ల వృత్తి శిక్షణ, దాన్నే ఔస్‌బిల్డుంగ్ అంటారు, నాలుగో మెట్టు. బ్యాచిలర్ ఆరోది, మాస్టర్ ఏడోది, డాక్టరేట్ ఎనిమిదోది. శిక్షణ తర్వాత అనుభవం సంపాదించి మైస్టర్ అనే ఉన్నత వృత్తి పరీక్ష పాసైన ఎలక్ట్రీషియన్‌ది బ్యాచిలర్ ఉన్న ఆరో మెట్టే. 2009లో రాష్ట్రాలు చేసిన తీర్మానం ప్రకారం మైస్టర్‌కు యూనివర్సిటీ తలుపు కూడా తెరిచే ఉంటుంది. శిక్షణ కాలంలో వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు వృత్తి పాఠశాల, నెలనెలా భత్యం. 2025లో శిక్షణ మొదలుపెట్టినవారికి తొలి ఏడాది చట్టం చెప్పిన కనీసం నెలకు 682 యూరోలు, చాలా రంగాల్లో ఇంతకన్నా ఎక్కువే ఇస్తారు. కోతలు పోగా చేతికొచ్చేది తగ్గుతుంది, లక్షలు మిగులుతాయన్న మాటలు నమ్మవద్దు. అంతా జర్మన్ భాషలోనే, కనీసం బీ1 స్థాయి లేకుండా వీసా కూడా కష్టం. డిప్లొమా పూర్తి చేయనివ్వండి, ఈలోగా భాష మొదలుపెట్టమనండి. కంపెనీతో ఒప్పందం కాగితం చూడకుండా ఎవరికీ డబ్బు కట్టకండి.

అమ్మాయి బయలుదేరే ముందు ఆమెకు తెలియాల్సింది ఒకటుంది, ఇది ఎవరూ చెప్పరు. అక్కడ చాలా సబ్జెక్టుల్లో మన ఇంటర్నల్స్ లాంటివి ఉండవు, హాజరు పట్టించుకోరు, మొత్తం మార్కు చివరి ఒక్క పరీక్ష మీద. తప్పితే మళ్లీ రాయొచ్చు, కానీ చాలాచోట్ల అవకాశాలు మూడే. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా తప్పితే చదువు అక్కడితో ఆపేస్తారు, అదే కోర్సు దేశంలో ఇంకెక్కడా చేరనివ్వరు. మన దగ్గర బ్యాక్‌లాగ్ ఏళ్లకేళ్లు లాగినట్టు కుదరదు. ఈ నియమం ప్రతి సంస్థ పరీక్షల నియమావళిలో ఉంటుంది, మొదటి వారంలోనే చదవమనండి. మొదటి సెమిస్టరులో పార్ట్‌టైం పని కోసం పరీక్షలు వదిలేసిన పిల్లల్ని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏడాదికి 140 పూర్తి రోజుల పని చేసుకోవచ్చని చట్టం చెబుతుంది, కానీ తొలి సెమిస్టరు వీలైతే పని లేకుండా గడపనివ్వండి. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా సరే ఇప్పటి నుంచే జర్మన్ మొదలుపెట్టాలి. ఆ చిన్న ఊళ్ల కంపెనీల్లో షాప్‌ఫ్లోర్ మాట్లాడేది జర్మనే, థీసిస్ ఇచ్చే కంపెనీ ముందు అడిగేది అదే.

ఇక మీరు కట్టిన 50 వేలు. ఆ రసీదు మీద ఏం రాసి ఉందో చూడండి. ఫీజు వాపసు గురించి షరతులుంటే వాటి ప్రకారం, లేకపోతే మామూలుగా, సీటు వద్దని, డబ్బు తిరిగివ్వమని మెయిల్ రాయండి. ఫోన్లో మాట్లాడి వదిలేయకండి. వాళ్లు ఇవ్వనంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆ 50 వేలు పోయినా సరే, వాటిని కాపాడుకోవడానికి 13 లక్షలు కట్టవద్దు. హోఖ్‌షూలె సీటు ఒప్పుకునే పని మాత్రం ఆలస్యం చేయకండి, ఎందుకంటే హోఖ్‌షూలెల శీతాకాలపు సెమిస్టరు చాలాచోట్ల కాగితం మీద సెప్టెంబరు 1న మొదలవుతుంది, యూనివర్సిటీల కన్నా ఒక నెల ముందు. సీటు లేఖలో అంగీకారం తెలపాల్సిన తేదీ ఉంటుంది, అది దాటితే సీటు ఇంకొకరికి పోతుంది. ముందు అంగీకారం పంపించి, ఆ రోజే వీసా అపాయింట్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టించండి. వీసా ఆలస్యమైతే ఎంతవరకు ఆగుతారని అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి మీ అమ్మాయి చేతే మెయిల్ రాయించండి. వాళ్లు జవాబిస్తారు.